పుల్‌సింగ్ మీద పూల్‌సింగ్ ఫిర్యాదు

మీ దరఖాస్తును తిరస్కరించారా? అదృష్టవంతులు! ఇంటికెళ్లి పాయసం వండించుకోండి.

ఎందుకంటారా? ఈ దేశంలో మీ కాగితాన్ని ఎవరో ఒకరు చదివారనడానికి దొరికే ఏకైక రుజువు తిరస్కారమే. మంజూరు చేసేవాడు చదవకుండా కూడా సంతకం పెట్టగలడు. వద్దనేవాడికి ఆ వసతి లేదు. ఎందుకు వద్దో రాయాలి కదా, అందుకోసమైనా నాలుగు లైన్లు చదవక తప్పదు. నేను ఇరవై ఏళ్లుగా ఇంగ్లిష్ లెక్చరర్‌ని. విద్యార్థుల జవాబు పత్రాల్లో నేను మొదటి నుంచి చివరి దాకా చదివినవన్నీ ఫెయిల్ చేసినవే!

తిరస్కారాలన్నింటిలోనూ నాకు ఎక్కువ గౌరవం ఉన్నది ఒకటుంది. దాని పేరు డబుల్ పేటెంటింగ్ అభ్యంతరం.

భయపడకండి, విషయం చిన్నదే. కొత్త వస్తువు కనిపెట్టిన మనిషికి, 'ఇది నీది, నిన్ను అడగకుండా ఇంకొకరు తయారు చేయరాదు' అని సర్కారు రాసిచ్చే హక్కు పత్రమే పేటెంటు. ఒక ఆవిష్కరణకు ఒకటే పేటెంటు. దానికే మాటలు మార్చి రెండోది అడిగితే, 'ఇది అదే కదా' అని తిప్పి పంపుతారు. అంతే!

ఎంత చక్కని పద్ధతి! దీన్ని పేటెంట్లకే పరిమితం చేయడం ఘోరమైన అన్యాయం. ఎన్నికల హామీలకు ఎందుకు పెట్టకూడదు? 'తమరు ఐదేళ్ల కింద ఇచ్చిన హామీ, ఇప్పుడిచ్చిన హామీ ఒక్కటే అయినందున రెండోదానిని తిరస్కరించడమైనది.' సగం పార్టీలు తెల్ల కాగితం చూపించి ఓట్లు అడుక్కోవాల్సి వస్తుంది. కమిటీ మీద కమిటీ వేసేవారికి పెట్టాలి. సినిమాలకు పెడితే థియేటర్లన్నీ ఫంక్షన్ హాళ్లయిపోతాయి. మా ప్రిన్సిపాల్ గారు ఆగస్టు పదిహేనుకు చేసిన ప్రసంగాన్నే జనవరి ఇరవై ఆరుకు కూడా చేస్తారు, ఆయనకైతే రేపే పెట్టాలి!

ఇంతటి ఘనమైన అభ్యంతరాన్ని మా వైపు మొదట అందుకున్న మనిషి బానోత్ పూల్‌సింగ్. నాకు తెలిసినంతలో ఆయనే మొదటివాడు. ఆయనకు ఎంత మేలు జరిగిందో మీరు వినాలి.

పూల్‌సింగ్‌ది మహబూబాబాద్ పక్కన ఒక తండా. ఆ పట్నాన్ని మేమంతా మానుకోట అంటాం. నేను అక్కడి కాలేజీలో పనిచేసే రోజుల్లో ఆయన నా విద్యార్థి. ఇంగ్లిష్‌లో రెండుసార్లు తప్పించాను. మూడోసారి పరీక్షకు రాకుండా రైల్వే స్టేషన్ దగ్గర మోటర్ వైండింగ్ షాపులో చేరాడు. కాలిపోయిన వ్యవసాయ మోటర్లు విప్పి, మాడిన తీగ తీసేసి, కొత్త రాగి తీగ చుట్టే పని. కొన్నేళ్లకు ఆ షాపు ఆయనదే అయింది. చూశారా? నా తిరస్కారం ఊరికే పోలేదు!

మోటర్లకు కొదవ లేదు. మా వైపు కరెంటు మూడు ఫేజుల మీద రావాలి. అది రెండు ఫేజుల మీద వచ్చి, మూడోదాన్ని దారిలో ఎక్కడో మరిచిపోయేది. రెండు ఫేజులతో మోటరు తిరగలేదు, ఊరుకోలేదు, మూలుగుతూ మూలుగుతూ కాలిపోయేది. చిట్యాల మండలం నుంచి పోశాలు అనే రైతు ఒకే మోటరును ఒకే పంట కాలంలో మూడుసార్లు తెచ్చాడు. మోటరు చుట్టీ చుట్టీ ఎన్ని చుట్లో తన చేతులకే గుర్తుండిపోయిందని పూల్‌సింగ్ అనేవాడు.

నాలుగోసారి పోశాలు వచ్చినప్పుడు మోటరు ఆటోలో ఉంది, ఆయన కుడి చేయి మెడకు కట్టి ఉంది. వానలకు స్టార్టర్ డబ్బాలోకి నీళ్లు దిగాయి. కరెంటు డబ్బా రేకులోకి వచ్చింది. బటన్ నొక్కబోతే విసిరి కొట్టింది. బురదలో పడ్డాడు గనుక బతికాడు.

"మోటరు కాలింది తమ్మీ," అన్నాడు పోశాలు. "ఈసారి నన్ను గూడ జర చుట్టాలె."

అందరూ నవ్వారు. పూల్‌సింగ్ నవ్వలేదు. ఆ సాయంత్రం నుంచే షాపు వెనక గదిలో ఏదో మొదలుపెట్టాడు.

ఎనిమిది నెలలు పట్టింది. అరచేతి అంత బోర్డు, దాని మీద చేత్తో చుట్టిన రాగి కాయిల్. తీగల్లో పోయే కరెంటును ఆ కాయిల్ కనిపెట్టుకుని ఉంటుంది. ఒక ఫేజు తప్పితే బోర్డు మోటరును ఆపేస్తుంది. డబ్బా రేకులోకి కరెంటు కారితే, చేయి జివ్వుమనే లోపల మొత్తం సరఫరానే కట్ చేస్తుంది. ఒకే కాయిల్, రెండు పనులు. మొదటిది పోశాలు మోటరు కోసం, రెండోది పోశాలు కోసం.

ఆయన భార్య రుక్కికి ఇది ఏమాత్రం నచ్చలేదు.

"మోటర్లు కాలకపోతే మన పొయ్యి ఎట్ల మండుతది?" అని అడిగింది.

"మోటరు కాలితే నేను చుడుత. మనిషి కాలితే ఎవలు చుడుతరు?" అన్నాడు పూల్‌సింగ్.

రుక్కి వంటింట్లోకి పోయింది. మూడు రోజులు కూరలో ఉప్పు తక్కువైందని నాతో ఆయనే చెప్పాడు.

బోర్డును తీసుకుని పూల్‌సింగ్ జనగామకు, నా దగ్గరకు వచ్చాడు. అప్పటికి నాకు జనగామ కాలేజీకి బదిలీ అయింది. "సార్, పేటెంట్ అని ఒకటుంటదట. ఇంగ్లిష్‌ల రాయాల్నట. ఇంగ్లిష్ రాకుండ చేసింది మీరే గద, మీరే రాయాలె," అన్నాడు.

న్యాయమైన మాట. 2007లో ఆ దరఖాస్తు నా చేతిరాతతోనే నింపాను. స్పెల్లింగ్ విషయంలో నేను చాలా కచ్చితం. పదో తరగతి సర్టిఫికెట్‌లో హెడ్మాస్టర్ గారు 'పుల్‌సింగ్' అనేటట్టు రాశారు. సర్టిఫికెట్ సర్టిఫికెట్టే! పుల్‌సింగ్ అనే రాశాను.

రెండేళ్లకు పైగా ఉలుకూ పలుకూ లేదు. మొదటి ఉత్తరం 2010 జనవరిలో వచ్చింది. ఏ ఊరి ఆఫీసు నుంచో చెప్పను, వాళ్ల వినయం దెబ్బతింటుంది.

'మీ దరఖాస్తులో రెండు ఆవిష్కరణలు ఉన్నవి. మోటరును కాపాడునది ఒకటి, మనిషిని కాపాడునది ఇంకొకటి. రెండింటినీ విడదీసి, రెండోదానికి వేరే దరఖాస్తు పెట్టుకొనవలెను.'

అప్పుడు మా దగ్గర ఏ గోడ మీద చూసినా రాష్ట్రాన్ని విడదీయమనే రాతలే. ఎక్కడ చూసినా ఊరేగింపులు, బంద్‌లు, రాస్తారోకోలు. ఉత్తరం అర్థం చెప్పగానే పూల్‌సింగ్ ఎగిరి గంతేశాడు.

"మనం అడగకముందే విడగొట్టిన్రు సార్! ఢిల్లోళ్లు గూడ గిట్లుంటే ఎంత మంచిగుండు!"

రెండో దరఖాస్తు నింపాం, మనిషిని కాపాడే సర్క్యూట్‌కు. ఈసారి ఓటరు కార్డు జత చేయమన్నారు. అందులో 'పూల్‌సింగ్' అని దీర్ఘంతో ఉంది. కార్డు కార్డే! పూల్‌సింగ్ అని రాశాను. నా కచ్చితత్వం గురించి ముందే మనవి చేశాను.

2011 జూలైలో రెండో ఉత్తరం. 'మీరు అడుగుచున్న సర్క్యూట్ ఇంతకు మునుపే బానోత్ పుల్‌సింగ్ అను వ్యక్తి దరఖాస్తులో కలదు. ఆయన మీకన్నా ముందువాడు.'

పూల్‌సింగ్ ముఖం నల్లబడింది. "ఎవడు సార్ వాడు?"

నేనూ గంభీరంగా ఆలోచించాను. ఇది మేధో చౌర్యం! మీ వాళ్లలో ఆ పేరు వాళ్లెవరైనా ఉన్నారా అని అడిగాను.

"మా తండాలనే ఇంకిద్దరున్నరు. ఒకడు బొంబాయిల మేస్త్రీ పని చేస్తడు. ఒకడు మేకలు కాస్తడు."

బొంబాయివాడు దూరంలో ఉన్నాడు గనుక నా అనుమానం మేకలవాడి మీదకు పోయింది. పూల్‌సింగ్ షాపు మూసి నాలుగు రోజులు అతని వెంట తిరిగాడు. మేకలు తప్ప ఏ సర్క్యూటూ కనపడలేదు. అయిదో రోజు ఆ మేకల కాపరే ఆగి, "అన్నా, ఏదన్న మేకపోతు కావాల్నా? సక్కగ అడుగరాదు?" అన్నాడట.

నేను మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఆ పుల్‌సింగ్ మీద నాలుగు పేజీల ఫిర్యాదు రాశాను. నా జీవితంలో రాసిన అత్యుత్తమ ఇంగ్లిష్ అదే. దొంగ అన్నాను. పరాన్నజీవి అన్నాను. అతగాడి ముఖంలో విజ్ఞానపు ఛాయలు మచ్చుకైనా ఉండవని అన్నాను. పూల్‌సింగ్ చేత సంతకం పెట్టించి రిజిస్టర్ పోస్టులో పంపాను.

సెప్టెంబర్‌లో ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. కాలేజీలు, ఆఫీసులు, బస్సులు అన్నీ బంద్. జనగామలో రోడ్డు పక్కన టెంటు వేసి, లెక్చరర్లం, గుమస్తాలం అందరం అక్కడే కూర్చున్నాం. ఒక రోజు పొద్దున పూల్‌సింగ్ బండి మీద అంత దూరం నుంచి వచ్చాడు. వెనక రుక్కి. ఆయన బండి దిగుతూనే కవరు ముందుకు చాపాడు.

"సార్! వాడు నా మీదనే ఉల్టా కేసు పెట్టిండు! నన్నే దొంగ అంటున్నడు!"

కాగితాలు అందుకుని, పైకి చదివి అర్థం చెప్పడం మొదలుపెట్టాను. భాష బ్రహ్మాండంగా ఉంది! ఎవరో చేయి తిరిగిన మనిషి రాసినట్టుంది. దొంగ... పరాన్నజీవి... ముఖంలో విజ్ఞానపు ఛాయలు...

చదవడం ఆపేశాను.

రుక్కి నా వైపే చూస్తోంది. కొంగుతో చెమట తుడుచుకుని నిదానంగా చెప్పింది. "సార్, గీ పుల్‌సింగ్ మా ఆయనే. పదో తరగతి సర్టిఫికెట్ల గిట్లనే ఉన్నది. మొన్న పోస్టాయన రెండు పేర్ల మీద రెండు కవర్లు తెచ్చి మా ఇంట్లనే ఇచ్చిండు. మీ ఇంట్ల అన్నదమ్ములు కొట్లాడుకుంటున్నరా అని అడిగిండు. ఈయననేమో నాలుగు రోజులు మేకల ఎనక తిరిగె! ఇంట్ల అద్దం చూసుకున్నా దొరికేటోడు గద దొంగ!"

టెంటంతా గొల్లున నవ్వింది. నినాదాలు ఇస్తున్న ఆయన మైకు పక్కన పెట్టి మరీ నవ్వాడు.

పూల్‌సింగ్ నా చేతిలోని కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు. తర్వాత తల ఎత్తి నెమ్మదిగా అడిగాడు.

"మరి నా మొఖంల విజ్ఞానం లేదని రాసింది ఎవలు సార్?"

ఉద్యమ నినాదాలను నేను అంత గట్టిగా, అంత భక్తిగా ఇచ్చింది ఆ రోజు ఒక్కసారే.

ఇద్దరూ ఒక్కరేనని తహసీల్ ఆఫీసు నుంచి సర్టిఫికెట్ పంపితే పని అయిపోతుంది. మానుకోట తహసీల్ ఆఫీసులో అవి రాసే గుమస్తా ప్రభుదాస్. ఆయన ఇల్లు జనగామలోనే. బస్సులు లేవు గనుక మా టెంట్‌లోనే, నా పక్కనే కూర్చుని ఉన్నాడు. ఎంత అదృష్టం!

"సమ్మె అయ్యేదాక నేను పెన్ను ముట్ట సార్," అన్నాడు ప్రభుదాస్. "ముట్టినా గీ టెంట్ల కూసోని 'రెండూ ఒక్కటే' అని ఎట్ల రాస్త? ఎనక బ్యానర్ చూడున్రి. జనం చూస్తే నన్ను ఉంచుతరా?"

"అన్నా, గది రాష్ట్రం. గిది నేను!" అన్నాడు పూల్‌సింగ్.

"నువ్వయినా అంతే. సమ్మె సమ్మే."

నలభై రెండు రోజుల తర్వాత సమ్మె ముగిసింది. ప్రభుదాస్ మాట నిలబెట్టుకుని మొదటి సర్టిఫికెట్ మాదే రాశాడు. దానికి నేనొక ఉత్తరం జతపరిచాను. 'పుల్‌సింగ్‌కూ పూల్‌సింగ్‌కూ మధ్య వచ్చిన అపార్థాలు పెద్దల సమక్షంలో తొలగిపోయినవి. ఇకపై ఇద్దరూ ఒకే ఇంట్లో కలిసిమెలిసి ఉంటారు.'

ఇక పేటెంటు రావడమే ఆలస్యం అనుకున్నాం.

మూడో ఉత్తరం వచ్చింది. ఎంత పద్ధతిగా ఉందో చూడండి. 'ఇద్దరు దరఖాస్తుదారులూ ఒక్కరే అని రుజువు చేసినందుకు ధన్యవాదాలు. కావున రెండు దరఖాస్తులూ ఒక్కరివే. కాయిల్ ఒక్కటే అయినందున ఆవిష్కరణ కూడా ఒక్కటే. ఒకే వ్యక్తి ఒకే ఆవిష్కరణకు రెండు పేటెంట్లు కోరరాదు. ఇది డబుల్ పేటెంటింగ్. ఒకటి వదులుకొనవలెను, లేదా విచారణకు రావలెను.'

ఇద్దరని ఒకసారి వద్దన్నారు, ఒక్కడని ఇంకోసారి వద్దన్నారు. ఇంత నిష్పక్షపాతం ఎక్కడైనా ఉంటుందా?

విచారణకు రైలెక్కి పోయాం. పూల్‌సింగ్ కొత్త చొక్కా వేసుకున్నాడు. ఒడిలో తువాలులో చుట్టిన పోశాలు పాత స్టార్టర్ డబ్బా. దానికి బోర్డు బిగించి తెచ్చాడు. పదమూడు గంటల ప్రయాణంలో దాన్ని కింద పెట్టలేదు. బెర్తు మీద దాని పక్కనే ముడుచుకుని పడుకున్నాడు.

అధికారి చాలా మర్యాదస్తుడు. మంచినీళ్లు ఇప్పించారు. పూల్‌సింగ్ మాటలను నేను ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పాను.

"సార్, మా అవ్వ ఒక్కతే. కొడుకులం ఇద్దరం," అన్నాడు పూల్‌సింగ్. "మా అన్న భీమ్లా ఎద్దులు కొంటడు, అమ్ముతడు. నేను మోటర్లు చుడుత. అవ్వ ఒక్కతే అని మా ఇద్దర్ని ఒక్కడు అంటరా? కాయిల్ ఒక్కటే సార్, అది చేసే పనులు రెండు."

అధికారి ఆలోచించారు. అవ్వ పోలిక బాగుందన్నారు. అయినా కాగితం ప్రకారం రెండూ ఒక్కటే అన్నారు.

"మరి మొదటి ఉత్తరంలో రెండు అన్నది మీ ఆఫీసే కదా?" అని నేను అడిగాను.

"అది నాకు ముందున్న అధికారి అభిప్రాయం. వారు బదిలీ మీద వెళ్లారు."

"పోతపోత నా రెండోదాన్ని గూడ తీస్కపోయిండా?" అన్నాడు పూల్‌సింగ్. అది నేను అనువదించలేదు.

ఆయన తువాలు విప్పి డబ్బాను బల్ల మీద పెట్టాడు. "ప్లగ్గు ఏడుంది సార్? ఒక్కపారి సూపిస్త. నేనే ముడుత, నాకేం గాదు."

అధికారి ఇబ్బందిగా నవ్వారు. "అవసరం లేదు. మేము కాగితాలనే పరిశీలిస్తాము."

పూల్‌సింగ్ నా వైపు చూశాడు. ఆ మాటను నేను తెలుగులో చెప్పనక్కరలేకపోయింది. డబ్బాను మళ్లీ తువాలులో, పసిపిల్లను చుట్టినట్టు నాలుగు వైపులా మడిచి చుట్టాడు.

తిరుగు ప్రయాణంలో ఏది వదలాలో తేలలేదు. ఆయన రుక్కికి ఫోన్ చేశాడు. రైలు చప్పుడులో ఆమె గొంతు నాకు కూడా వినపడింది.

"మోటర్ది ఇడిసిపెట్టు. మోటర్లు కాలుతనే ఉంటయి, మన షాపు నడుస్తది. మనుషులది ఉంచు."

వ్యాపారం, ధర్మం రెండూ ఒక్క మాటలో తేల్చేసింది! మోటరును కాపాడేదాన్ని వదిలేశాం. మనిషిని కాపాడేదానికి పేటెంటు ఈ ఏడాది మొదట్లో వచ్చింది. బంగారు రంగు ముద్ర ఉంది. షాపులో గోడకు తగిలించాం.

నా వాదన గెలిచింది కదా? కొంచెం ఆగండి.

వదిలేసిన దరఖాస్తు అంటే ఎవరిదీ కాదు, అంటే అందరిదీ. దాని బొమ్మలు, కొలతలు అన్నీ అంతకు ముందే ఆఫీసు అచ్చువేసి పెట్టింది. నిరుడే ఒక కంపెనీ డబ్బా బజారులోకి వచ్చేసింది. పైన స్టిక్కరు, ఏడాది గ్యారంటీ. మోటరు కాలదు! చిట్యాల నుంచి పోశాలు ఒకటి కొని, గొప్పగా చూపించడానికి పూల్‌సింగ్ దగ్గరికే తెచ్చాడు.

పూల్‌సింగ్ విప్పి చూశాడు. అదే బోర్డు. అదే కాయిల్. చుట్లు కూడా అన్నే. మనిషిని కాపాడే భాగం ఉండాల్సిన చోట తొమ్మిది చిల్లులు మాత్రం ఖాళీగా ఉన్నాయి. బొమ్మను చూసి దించినవాళ్లు ఆ చిల్లులు కూడా దించారు, సామాను మాత్రం బిగించలేదు.

పేటెంటు చేతికి రాగానే కంపెనీకి నోటీసు పంపాం. వారి వకీలు జవాబు వారంలో వచ్చింది. నేను చదివిన చట్టపు ఇంగ్లిష్‌లో అంత నిజాయితీ ఇంకెక్కడా చూడలేదు.

'మీ పేటెంటు మనిషిని కాపాడు సర్క్యూట్‌కు మాత్రమే వర్తించును. మా డబ్బా మోటరును మాత్రమే కాపాడును. మనిషిని కాపాడు ఉద్దేశం మా కంపెనీకి ఎంతమాత్రమూ లేదు. ఈ రెండూ వేరువేరు ఆవిష్కరణలని పేటెంటు ఆఫీసు 2010 నాటి ఉత్తరంలోనే స్పష్టం చేసియున్నది.'

పూల్‌సింగ్ అడిగితే రెండూ ఒక్కటి. కంపెనీ అడిగితే ఒక్కటే రెండు. మీకు అర్థం కాలేదా? బహుశా మీరు కూడా నా దగ్గర ఇంగ్లిష్ చదివి ఉంటారు.

మనిషిని కాపాడేదాన్ని ఎవరూ తయారు చేయడానికి ముందుకు రాలేదు. రైతులు మోటరు కోసం కొంటారు గానీ చేతుల కోసం కొనరని ఒక డీలరు చెప్పాడు. మోటర్లు కాలడం తగ్గింది. షాపులో చుట్టే పని సగానికి పడిపోయింది. రుక్కి ఇప్పుడు పక్కనే మిరపకాయ బజ్జీల బండి పెట్టింది. పూల్‌సింగ్ మాత్రం, కంపెనీ డబ్బా తెచ్చిన వాళ్లందరికీ విప్పి ఆ తొమ్మిది చిల్లుల్లో తన సామాను పెట్టి, సీసం కరిగించి టాంకా కొట్టి ఇస్తున్నాడు.

పోయిన ఆదివారం నేను మానుకోట వెళ్లాను. వచ్చే నెల రెండో తారీఖున కొత్త రాష్ట్రం. స్టేషన్ రోడ్డంతా తోరణాలు కడుతున్నారు. షాపు ముందు స్టూలు మీద ఒకామె కూర్చుని ఉంది. పేరు చంద్రమ్మ, మహదేవపూర్ అవతల ఊరు. రెండు బస్సులు మారి వచ్చింది. ఒళ్లో బట్ట సంచి, సంచిలో కంపెనీ డబ్బా.

"గిదేనయ్యా, మా ఇంటాయనను గుంజింది," అంది. "మొన్న గాలివానకు. బటన్ మీదనే పోయిండు. మోటరుకేం కాలే, మంచిగనే నడుస్తున్నది. ఇప్పుడు నేనే పోయి ఏస్తున్న."

పూల్‌సింగ్ చేతులు తుడుచుకున్నాడు. డబ్బా అందుకుని విప్పాడు. టాంకా కొట్టడం పూర్తయ్యే దాకా ఆమె కళ్లు ఆ చిల్లుల మీదే ఉన్నాయి.

"పని చేస్తదా?" అని అడిగింది.

ఏడేళ్లలో మాకు ఎన్నో కవర్లు వచ్చాయి. ఒక విచారణ జరిగింది. ఈ మాట అడిగిన మొదటి మనిషి ఆమె.

పూల్‌సింగ్ కరెంటు తీగను కావాలని డబ్బా రేకుకు కలిపాడు. చేయి బకెట్లో ముంచి, నీళ్లు కారుతుండగానే రేకు మీద వేశాడు. టక్కుమంది. సరఫరా ఆగిపోయింది. ఆయన చేయి అట్లాగే ఉంది.

"ఇంకోపారి," అంది చంద్రమ్మ.

మళ్లీ ముంచాడు. మళ్లీ టక్కుమంది. మూడోసారి ఆమే లేచి తన చేయి ముంచి పెట్టింది. పూల్‌సింగ్ వద్దనలేదు. టక్కుమన్నాక కూడా ఆమె కాసేపు చేయి తీయలేదు.

తర్వాత డబ్బాను సంచిలో పెట్టుకుని, మమ్మల్ని ఇద్దరినీ చూసింది.

"మరి గిది ముందుగాల్నే ఎందుకు పెట్టలే?"

జవాబులు నా దగ్గర ఉన్నాయి. అన్నీ ఫైలులో వరుసగా, తారీఖులతో సహా, తప్పుల్లేని ఇంగ్లిష్‌లో ఉన్నాయి. వాటిలో ఏది తెలుగు చేసి ఆమెకు చెప్పాలో నాకు తెలియలేదు.